పస్తాపూరు స్త్రీల చలనచిత్రవిద్య

పూర్వపు మెదకు జిల్లాలో, జహీరాబాదు చుట్టుపట్ల ఎఱ్ఱనేలలలో, కలుపు తీయుటయు కోత కోయుటయు జీవనోపాధిగా గల దళితస్త్రీలు కొందరు, కెమెరా చేతబట్టి, తమ పొలములను, విత్తనములను, కష్టసుఖములను తామే చిత్రించి, ఆ చిత్రములను తమ ఊరివారికిని ఖండాంతరవాసులకును చూపిరి. తెలుగునాట చలనచిత్రచరిత్ర వ్రాయబూనువారు ఈ వృత్తాంతమునకు తప్పక ఒక అధ్యాయము కేటాయింపవలెను.

ఈ విద్యకు పుట్టినిల్లు పస్తాపూరు. అచ్చట 1983లో ఆరంభమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఊరూర స్త్రీల సంఘములను నెలకొల్పి, పడావు పడిన నేలలలో జొన్న, కొఱ్ఱ, సామ, కంది కలిపి పండించు పాత సేద్యమునకు మరల ప్రాణము పోసినది. ఆ సంస్థ నిర్మాతలలో ఒకరైన పి.వి. సతీశ్ అంతకుముందు దూరదర్శన కార్యక్రమములు నిర్మించినవారు. చదువురాని స్త్రీకి ముందు అక్షరము నేర్పినగాని ఆమె లోకముతో మాటాడలేదను అభిప్రాయమును ఆయన అంగీకరింపక, అట్టివారికి వీడియోయే అక్షరమునకు మారుగా నిలువగలదని విశ్వసించెను. ఆ విశ్వాసము యుక్తమైనదే. ఆకు రంగును బట్టి తెగులును, మబ్బు తీరును బట్టి వానను పసిగట్టు కంటికి దృశ్యభాష పరాయిది ఎట్లగును? 1990ల చివర మొదలైన శిక్షణ 2001 నాటికి కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా రూపుదాల్చినది.

ఇక వారి శిల్పము. కెమెరాను మీదనుండి క్రిందికి వంచుటకును, క్రిందనుండి మీదికెత్తుటకును, కనుల మట్టమున నిలుపుటకును సినిమా శాస్త్రమున వేర్వేరు పేర్లు గలవు. ఈ స్త్రీలు ఆ పేర్లను వల్లెవేయక, తమ బ్రతుకులో ఆ చూపులు ఎవరెవరివో విచారించిరి. ఎత్తున నుండి దిగువనున్న కూలిమనిషిని చూచు చూపు భూస్వామిది. కావున అది పటేలు షాటు. దిగువనుండి తలయెత్తి దొరను చూచునది వెట్టిమనిషి చూపు. అందరును ఒక్క మట్టమున కూర్చుండి, ఒకరి మొగమొకరు చూచుకొనుచు మాటాడునది సంఘము. కావున కనుల మట్టపు చిత్రణము సంఘం షాటు. ప్రతి కోణము వెనుకను ఒక అధికారసంబంధము దాగియుండునని విద్యాలయములలో ఎంతయో శ్రమించి బోధింతురు. వీరికది అనుభవముననే సిద్ధించినది. ఒక రైతుస్త్రీ వాకిట కూర్చుండి చేటతో విత్తనములు చెరుగుచున్నదనుకొందము. ఆమె యెదుట నిలుచుండి తీసిన చిత్రమున మనకు కనబడునవి వంగిన వీపును, కొంగు కప్పిన తలయును మాత్రమే. కెమెరా పట్టిన స్త్రీయు నేలపై కూర్చుండినచో, పొట్టు ఎగురుటయు, గింజ చేటలోనికి తిరిగివచ్చుటయు, అన్నిటికిని మించి ఆ మొగములోని నైపుణ్యగర్వమును కనబడును.

వారి శిల్పమునకు మరియొక గుణము సహనము. 2002 మార్చిలో మన దేశమున జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తి వాణిజ్యసాగుకు అనుమతి లభించగా, వీరు ఆ సంవత్సరము వరంగల్ జిల్లా పల్లెలకు మాటిమాటికి పోయి, విత్తిననాడు రైతులు పలికిన ఆశాభరితములైన మాటలను, పైరు ఎదుగు కాలమున పొడమిన సందేహములను, ఏరుడు ముగిసిన పిదప అణచుకొనలేని ఆగ్రహమును వరుసగా చిత్రించిరి. ఒక్కదినము వచ్చి పోవు పత్రికావిలేఖరికి లభింపని సాక్ష్యమిది. ఏలయనగా అదే రైతు, అదే చేను, మారుచున్న ఋతువుతో మన కన్నులయెదుటనే మారును. వరంగల్ రైతులకు బీటీ పత్తిపై కోపమెందుకను ప్రశ్నయే శీర్షికగా 2003లో వెలువడిన ఆ చిత్రము పలు దేశములలో ప్రదర్శింపబడినది. పిమ్మట వీరు దక్షిణాఫ్రికా, మాలి, ఇండోనేషియాల పత్తి రైతుల అనుభవములను గూడ ఒక చిత్రమునకెక్కించిరి. ఇవి పక్షపాతముతో తీసినవని కొందరాక్షేపింపవచ్చును. నిజమే, వీరు రైతుపక్షము వహించిరి, ఆ మాట దాచలేదు. ఎవరి పక్షమున నిలుచున్నారో చెప్పని చిత్రములకంటె ఇట్టివానినే నేను నమ్ముదును.

తీసిన చిత్రము తీయబడినవారి యెదుట సంఘములో ఆడుట ఈ సంప్రదాయమునకు ఆయువుపట్టు. తమ చేనును తెరమీద చూచుకొనువారికి అబద్ధము చెప్పుట ఎవరితరము? ఏటేట సంక్రాంతినాడు మొదలై ఇంచుమించు నెలదినములు సాగు పాత పంటల జాతరలో, అలంకరించిన ఎడ్లబండ్లపై విత్తనముల కుండలు ఊరూర తిరుగుచుండగా, ఆ యాత్రను చిత్రించు కెమెరాలును ఈ స్త్రీల చేతులలోనివే. 2008లో మాచునూరున వెలసిన సంఘం రేడియోకును ఈ అభ్యాసమే పునాది.

మన నగరములలో లఘుచిత్రోత్సవములు నడుపువారికి నాదొక విన్నపము. పనిపాటలవారి చిత్రములకు ప్రత్యేకవిభాగమొకటి తెరచి, మధ్యాహ్నపు ఖాళీవేళ వానిని ప్రదర్శించి తృప్తిచెందవలదు. ప్రవేశరుసుము తీసివేయుడు, కూలి పోగొట్టుకొని వచ్చువారికి దినవెచ్చము ఇప్పింపుడు, రాత్రిపూట ప్రదర్శింపుడు. ఈ స్త్రీలలో ఒకరైన హుమ్నాపూరు లక్ష్మమ్మవంటి చిత్రకర్త్రులను శాలువ కప్పి పంపివేయుటకుగాక, న్యాయనిర్ణేతలుగా కూర్చుండబెట్టి, ఏ చిత్రము పటేలు చూపుతో తీయబడినదో, ఏది సంఘపు చూపుతో తీయబడినదో వారిచేతనే చెప్పింపుడు.