తెల్లటి తెర, రెండు కుర్చీలు

ఫోటోగ్రాఫర్ రిచర్డ్ ఆవెడాన్ చిన్నతనంలో వాళ్లింట్లో ఫోటో దిగడమంటే పెద్ద తతంగం. మంచి బట్టలు వేసుకుని తమది కాని ఇంటి ముందో, తమది కాని కారు పక్కనో నిలబడేవారు. పక్కన ఎవరిదో కుక్క. పెద్దయ్యాక ఆయన పాత ఆల్బం తిరగేస్తే ఒక్క ఏడాది ఫోటోల్లోనే పదకొండు అరువు కుక్కలు లెక్కకొచ్చాయట. అందరూ కలిసి నవ్వుతూ దిగే ఫోటో మీద ఆయనకు నమ్మకం పోయింది అక్కడేనని నాకనిపిస్తుంది. 1969 నుంచి 1973 దాకా, ఫ్లోరిడా రాష్ట్రంలోని సారసోటాలో, తండ్రి జేకబ్ ఇజ్రాయెల్ ఆవెడాన్‌ను ఫోటోలు తీసినప్పుడు ఆ అపనమ్మకమే ఆయన చేత పని చేయించింది.

వెనక ఉన్నది తెల్లటి తెర. ఇల్లు లేదు, కిటికీ లేదు, మాత్రల డబ్బా లేదు, అయినవాళ్లెవరూ లేరు. మొదట్లో కోటూ టైతో కనిపించే ఆ వ్యాపారి న్యూయార్క్‌లో ఆడవాళ్ల బట్టల దుకాణం నడిపిన మనిషి. ఫోటో మారేకొద్దీ దవడలు లోపలికి పోతాయి, మెడ సన్నబడుతుంది, క్యాన్సర్ తినేసిన ఒళ్లు చివరికి ఆస్పత్రి గౌనులో మిగులుతుంది. తండ్రి పోయిన మరుసటి ఏడాది, 1974లో, న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం మోమాలో ఈ వరస ప్రదర్శించారు. కొడుకు నిర్దయుడన్న మాట అప్పుడూ వచ్చింది, ఇప్పటికీ వస్తుంది. నేను ఆ మాట అనను. తండ్రిని అందంగా చూపిస్తే ఆయన్ని చిన్నబుచ్చినట్టేనని నమ్మిన కొడుకు అతను. కోపాన్నీ భయాన్నీ ఇంకా బతకాలన్న ఆకలినీ ఆ ముఖం మీద ఉన్నవి ఉన్నట్టు ఉండనిచ్చాడు. అయినా ఆ చిత్రాలు చూసినప్పుడల్లా ఒక ప్రశ్న నన్ను వదలదు: ఈయనకు మంచినీళ్లు అందించింది ఎవరు?

తన తల్లిదండ్రుల జబ్బునే ఫోటోలు తీసిన మరో ఫోటోగ్రాఫర్ న్యాన్సీ బోరోవిక్ చిత్రాల ముందు ఆ ప్రశ్న పుట్టదు. అవీ నలుపు తెలుపులే. న్యూయార్క్ రాష్ట్రంలోని చాపక్వాలో ఆమె తల్లి లారెల్‌కు రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టింది. తండ్రి హోవీకి క్లోమ క్యాన్సర్ బయటపడింది. ఇద్దరిదీ నాలుగో దశే, ఇద్దరికీ ఒకేసారి కీమో. హోవీ 2013 డిసెంబరులో పోయాడు. సరిగ్గా ఏడాదికి ఒక్క రోజు ముందు, 2014 డిసెంబరులో, లారెల్ పోయింది. ఈ చిత్రాలకు 2016లో వరల్డ్ ప్రెస్ ఫోటో దీర్ఘకాలిక కథనాల విభాగంలో రెండో బహుమతి వచ్చింది. 2017లో అవి 'ది ఫ్యామిలీ ఇంప్రింట్' పుస్తకమయ్యాయి.

అందులో అందరికీ తెలిసిన చిత్రం కీమో గదిలోది. ముప్పై నాలుగేళ్లు కాపురం చేసిన మొగుడూ పెళ్లాం వారం వారం పక్కపక్క కుర్చీల్లో కూర్చుని మందు ఎక్కించుకుంటారు. ఒకటి అయ్యగారిది, ఒకటి అమ్మగారిదని హోవీ ఆ కుర్చీలకు పేర్లు పెట్టుకున్నాడు. ఆవెడాన్ దగ్గర జబ్బు ముఖం మీద ఉంటుంది. ఇక్కడ అది ఇంటి దినచర్యలో ఉంది: కారెక్కడం, కూర్చోవడం, స్కాన్‌లో ఏం తేలిందో చెప్పే డాక్టర్ ఫోను కోసం ఎదురుచూడటం, బాత్రూంలో నిలబడి ఒకరినొకరు గట్టిగా పట్టుకోవడం. కలిసుండటమంటే ఒకరి పక్కన ఒకరు గంటల తరబడి కూర్చోవడమని ఈ చిత్రాల్లో తెలుస్తుంది. ఎవరూ చెప్పక్కర్లేదు.

మన ఇళ్లలో జబ్బు వచ్చిందంటే కెమెరా లోపలికి పోతుంది. "ఇలాంటప్పుడు ఫోటోలేమిటమ్మా, కోలుకున్నాక తీసుకుందాంలే" అంటారు పెద్దవాళ్లు. అందులో దిష్టి భయం ఉంది, పదిమందిలో పలచనవుతామన్న భయమూ ఉంది. తర్వాత దండ వేయడానికి ఫోటో కావాల్సొస్తే ఏదో పెళ్లిలో దిగిన గ్రూపు ఫోటోలోంచి ముఖం ఒక్కటే కత్తిరించి, వెనక నీలం రంగు వేయించి, పెద్దది చేయిస్తాం. అంచున పక్కవాళ్ల భుజం ముక్క ఒక్కోసారి మిగిలిపోతుంది కూడా. మనిషిని తన మనుషుల్లోంచి విడదీయడంలో మనమూ ఆవెడాన్ దారినే ఉన్నాం. ఆయన నిజం కోసం విడదీశాడు, మనం మర్యాద కోసం విడదీస్తాం. బోరోవిక్ పక్షాన నేను ఇంత గట్టిగా నిలబడటానికి ఈ అలవాటే కారణం.

ఆమె దగ్గర లోటు లేదనను. జబ్బు మనిషికి చేసే ఏ ఇంట్లోనైనా అలసటతో పాటు విసుగు వస్తుంది, మాటా మాటా పెరుగుతుంది. ఆ విసుగు ఈ పుస్తకంలో మరీ పలచగా ఉంది. ఆవెడాన్ తండ్రి కళ్లలోని కోపంలో పావు వంతైనా ఇక్కడ కనబడితే నాకు ఇంకా నమ్మకం కలిగేది. కానీ పెళ్లి సంగతి చూడండి. 2013 అక్టోబరులో న్యాన్సీ పెళ్లికి తల్లీ తండ్రీ చెరో పక్కన నడిచారు. ఆ సంబరాన్ని విడిగా చూస్తే అరువు కుక్కతో దిగిన ఫోటోకి దూరమేమీ కాదు. దాని ముందు పేజీల్లో కీమో కుర్చీలున్నాయి కాబట్టి ఆ నవ్వును నమ్ముతాం. ఇద్దరు ఫోటోగ్రాఫర్లూ ఒక్క చిత్రంతో సరిపెట్టుకోకుండా వరసగా తీయడానికి కారణం ఇదేననుకుంటాను. ఒక్క ఫోటో ఎవరి చేతిలోనైనా అబద్ధమాడగలదు.

హోవీ పోయాక లారెల్ ఒంటరిగా గడిపిన ఏడాదికి వచ్చేసరికి బోరోవిక్ తనకు తెలియకుండానే ఆవెడాన్‌కు దగ్గరవుతుంది. జంటగా తీయడానికి ఇక జంట లేదు, మిగిలింది ఒక్క మనిషి. అయినా ఆమె తల్లి వెనక తెర దించలేదు. ఆ ఇంటి గోడలూ సామానూ అలాగే ఉన్నాయి. పుస్తకంలో నాకు అన్నిటికన్నా బలంగా తోచేవి ఆ పేజీలే. బహుమతుల పేరు చెప్పి కుర్చీల ఫోటో దగ్గరే ఆగిపోయేవాళ్లు వాటిని చూడకుండా పోతున్నారు.