సూరత్‌లో తెలుగు పేరు, తెలుగు మాట

సూరత్ నగరంలో, ముఖ్యంగా లింబాయత్ ప్రాంతంలో, తెలంగాణ జిల్లాల నుండి మరమగ్గాల పనికి వలస వచ్చిన కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడ్డాయి. వారిలో పద్మశాలీలే అధికులు. వీరి పిల్లల కోసం నగరపాలక సంస్థ ప్రాథమిక విద్యావిభాగం గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతూ వచ్చింది. ఇది ప్రశంసింపదగిన విషయమే. అయితే ఆ పిల్లవాడి పేరు ఇంట ఒక లిపిలోనూ, నగరపు కాగితాలలో మరొక లిపిలోనూ బతుకుతుంది. ఒక లిపినుండి మరొక లిపికి దాటేటప్పుడు దానికేమవుతున్నదన్నది అనువాద సమస్యే అయినా, అనువాదాన్ని గురించి వ్రాసేవారు కావ్యాలను దాటి ఇటు చూడడం అరుదు.

గుజరాతీ లిపిలో హ్రస్వ ఎకార ఒకారాలకు వేరు గుర్తులు లేవు. పైగా పదాంతంలోని అకారం ఉచ్చారణలో లోపిస్తుంది. కనుక 'కొండ' అన్న ఇంటిపేరును ఉన్నదున్నట్లు వ్రాస్తే అది 'కోండ్' అని వినబడుతుంది. ఆ లోపాన్ని కప్పిపుచ్చడానికి గుమాస్తా చివర దీర్ఘమిస్తాడు; కొండ 'కోండా' అవుతుంది. ఇంతవరకు నష్టం స్వల్పం. కాని 'చింత' అన్న ఇంటిపేరు అదే దారిన 'చింతా' అయినప్పుడు, తాతలనాటి చెట్టు పోయి గుజరాతీ చెవికి దిగులు మిగులుతుంది. 'గుండ' వారి పరిస్థితి మరీ ఇబ్బందికరం. 'గుండా' అన్న మాటకు ఆ ప్రాంతంలో ఉన్న అర్థం వివరించనక్కరలేదు. పోనీ అర్థాన్ని కాపాడుదామని చింతకు గుజరాతీ పర్యాయపదం వెదికితే 'ఆంబలీ' వస్తుంది. అర్థం దక్కుతుంది, వంశం పోతుంది. ఇంటిపేరు అర్థం కోసం పెట్టుకున్న పదమే కావచ్చు; కాలక్రమాన అది అర్థాన్ని వదలి గుర్తుగా మిగిలింది. గుర్తును అనువదించడం సాధ్యం కాదు, శబ్దాన్ని మాత్రమే మోసుకుపోగలం.

దీనికి తోడు మర్యాదావాచకాల చిక్కు ఒకటి. గుజరాతీలో పురుషుల పేరుకు 'భాయి', స్త్రీల పేరుకు 'బేన్' చేర్చి పిలవడం ఎంతో సంస్కారవంతమైన అలవాటు. తెలుగు పేరులో మర్యాద ముందే ఇమిడి ఉంటుంది: రాజయ్యలో 'అయ్య', లక్ష్మమ్మలో 'అమ్మ', పోశవ్వలో 'అవ్వ'. నోటిమాటగా 'రాజయ్యభాయి' అన్నప్పుడు రెండు మర్యాదలు కలిసి ఆత్మీయత పెరుగుతుంది. అదే మాట పట్టికకెక్కితే పేరే మారిపోతుంది. గుజరాతీ పద్ధతిలో పేరుకు మూడు భాగాలు: ఇంటిపేరు, సొంత పేరు, తండ్రి పేరు; వివాహిత స్త్రీకి భర్త పేరు. తెలుగువారికి తండ్రి పేరు వేరుగా చెప్పుకొనే వివరమే గాని పేరులో అంగం కాదు. సూరత్‌లో మూడు భాగాల పేరుతో చదివినవాడు, స్వగ్రామంలోని రెండు భాగాల పేరుతో వారసత్వపు కాగితం కోరినప్పుడు, తానొక్కడినేనని నిరూపించుకోవలసి వస్తుంది.

ఇటువంటి సందర్భాలలో మావోరీ భాషను ఉదాహరించి, పేర్లు మారడం ప్రపంచమంతటా ఉన్నదేనని సమాధానపడడం కద్దు. ఆ పోలికను కొంచెం నిదానించి చూడాలి. న్యూజీలాండ్‌లోని ఈ భాషలో హల్లులు పదే. సంయుక్తాక్షరాలు లేవు, ప్రతి అక్షరమూ అచ్చుతోనే ముగియాలి. అందువల్ల జాన్ 'హోఆనీ' అయ్యాడు, మేరీ 'మేరే' అయింది, స్కూలు 'కురా' అయింది. పీటరు 'పీతా' అయ్యాడు. మన చెవికది తండ్రిలా వినిపిస్తే ఆ భాష తప్పు కాదు. బస్సు, రోడ్డు, పోలీసు అంటూ పరభాషాపదానికి ఉకారం తగిలించి అజంతం చేసుకొనే తెలుగువాడికి ఈ పద్ధతి వింతగా తోచదు. అయితే అక్కడ మార్చినది మావోరీ నాలుక, తన నియమాన్ని అనుసరించి, తన అవసరానికి. సూరత్ పట్టికలో మారినది తెలుగువాడి ప్రమేయం లేకుండా, లిపిలోని కొరత వల్ల, గుమాస్తా తొందర వల్ల. రెండింటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

మావోరీ 1987లో చట్టరీత్యా అధికారభాష అయింది. అదే చట్టం కింద భాషాసంఘం ఏర్పడింది. ఆంగ్లం నుండి వచ్చిన వారాల పేర్లకు బదులుగా దేశీయమైనవి ప్రచారంలోకి వచ్చాయి. సోమవారానికి 'మనే' ఉండగా చంద్రుని పేరు ఇమిడిన 'రాహిన' వచ్చింది. కంప్యూటరుకు మెదడు, విద్యుత్తు అనే రెండు మాటలు కలిపి 'రోరోహికో' అన్నారు. పాత మాటలూ పోలేదు. నిత్యవ్యవహారంలో ఏది నిలవాలో మాట్లాడేవారే తేల్చుకుంటున్నారు.

ఈ విషయంలో సూరత్ తెలుగువారు మన పండితులకంటె ముందున్నారని చెప్పక తప్పదు. పత్రికలూ కార్యాలయాలూ 'మరమగ్గం' అని వ్రాస్తాయి. దానిమీద పనిచేసేవాడు 'సాంచా' అంటాడు. గుజరాతీలో 'సంచో' అంటే యంత్రం. మరాఠీలోనూ ఆ మాట ఉంది. వలసవెళ్ళినవారి వెంట అది తిరిగివచ్చి సిరిసిల్లలో సొంత తెలుగు మాటగా స్థిరపడింది. పోర్చుగీసు నుండి గుజరాతీ మరాఠీలలోకి దిగిన 'పగార్' కూడా అలాగే నేతకార్మికుని నోట చేరింది. వీటిని అపభ్రంశాలని ఈసడించేవారు, 1854లో బ్రౌన్ దొర తెలుగులోని అన్యదేశ్యాలకు ప్రత్యేకంగా ఒక నిఘంటువునే కూర్చాడని గుర్తుంచుకోవాలి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1971లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం రెండవ సంపుటం పడుగు, పేక, నాడె, కండె వంటి చేనేత పదాలను ఊరూరా సేకరించి భద్రపరచింది. అది చేతిమగ్గపు కోశం. సాంచా మాటలు ఆ శాస్త్రీయ పద్ధతిలోనే, సూరత్, భివండి, షోలాపురాలలో కూడా సేకరింపదగినవి. గుజరాతీలో తొలి ఏకభాషా నిఘంటువు 'నర్మకోశ్'ను 1873 నాటికి ఒంటిచేత్తో పూర్తిచేసిన నర్మద్ పుట్టిన ఊరు సూరతే కావడం ఇక్కడ స్మరణీయం.

2023 నాటి చట్టం గుజరాత్‌లోని పాఠశాలలన్నిటా ఒకటినుండి ఎనిమిదవ తరగతి వరకు గుజరాతీ బోధనను తప్పనిసరి చేసింది. తెలుగు పిల్లవాడు గుజరాతీ నేర్వడం మేలే. తన పేరును ఆ లిపిలో తానే వ్రాసుకోగలుగుతాడు. కావలసినది పెద్ద వ్యయంతో కూడిన పని కాదు. తెలుగు ఇంటిపేర్లకు గుజరాతీ వర్ణక్రమం సూచించే చిన్న పట్టిక ఒకటి, ప్రవేశ సమయంలో పేరు వ్రాసేటప్పుడు పక్కన ఒక తెలుగు ఉపాధ్యాయుడు, 'భాయి', 'బేన్'లు పేరులో భాగం కావన్న ఒక ఉత్తర్వు. ఆ పట్టికలో మొదట చేర్చవలసినవి చింత, గుండ.