పూసకో తీగ, తీగకో చుట్టు

దారంతో గుచ్చిన దండ ఒక్కచోట తెగితే చాలు, పూసలన్నీ జారిపోతాయి. మంచం కింద కొన్ని, గడప దగ్గర కొన్ని ఏరుకోవాలి. తీగతో కట్టిన నల్లపూసల గొలుసుకు ఆ బాధ లేదు. ప్రతి పూసలో ఒక చిన్న తీగ ముక్క దూర్చి, రెండు కొసలనూ రింగులుగా వంచి, ఒకదానికొకటి తగిలిస్తారు. తెగితే ఆ ఒక్క లంకే ఊడుతుంది, మిగతా పూసలు ఎక్కడివక్కడే ఉంటాయి. తీగ నగల బలమంతా ఈ లంకెలో ఉంది. ఇంట్లో హాబీగా నేర్చుకునేవారికి ముందు చేయి తిరగాల్సింది కూడా దీనిమీదే.

ఇది చాలా పాత పని. 1920లలో మొహెంజొదారో తవ్వకాల్లో ఆకుపచ్చ రాతి పూసలు, బంగారు పూసలు కూర్చిన ఒక హారం దొరికింది. దానికి వేలాడే అగేటు, జాస్పర్ రాళ్లను మందపాటి బంగారు తీగతో తగిలించారు. నాలుగు వేల ఏళ్లు దాటినా ఆ తీగ రాళ్లను వదల్లేదు. దేశ విభజన తర్వాత ఆ హారాన్ని రెండు భాగాలు చేసి భారత్, పాకిస్తాన్ పంచుకున్నాయి.

తీగకు మన ప్రాంతంలోనే చక్కని జోడీ ఉంది, అది గాజు పూస. తిరుపతికి దగ్గర్లోని పాపానాయుడుపేట ఈ పూసలకు పేరుపడ్డ ఊరు. కొలిమిలో కరిగిన గాజు ముద్దను బోలు ఇనప గొట్టం సాయంతో సన్నటి గాజు గొట్టంగా సాగదీయడం అక్కడి పద్ధతి. దాన్ని చిన్న చిన్న ముక్కలుగా తరిగి, పదునైన అంచులు నునుపు తేలేలా మళ్లీ వేడి చేస్తారు. పూస బెజ్జం తర్వాత తొలిచింది కాదు, గొట్టంగా సాగినప్పుడే ఏర్పడింది. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో రెండు వేల ఏళ్ల కిందటే ఈ తరహా పూసలు చేశారు.

నేర్చుకోవడానికి మూడు పనిముట్లు చాలు: గుండ్రటి మూతి ప్లయర్, చదును మూతి ప్లయర్, తీగ కత్తిరించే కట్టర్. ప్లయర్‌కు లోపల పళ్లు ఉండకూడదు, ఉంటే తీగమీద గాట్లు పడతాయి. గేజి సంఖ్య పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. గేజి కొలతల్లో ఒకటికి మించి పద్ధతులున్నాయి కాబట్టి మిల్లీమీటర్లలో అడిగి కొనడం మేలు. చెవికి పెట్టుకునే కొక్కేలకు 0.8, గొలుసు లంకెలకు 0.6 సరిపోతాయి. ముత్యాల బెజ్జం చిన్నది, వాటికి 0.4 లేదా అంతకన్నా సన్నటి తీగ కావాలి.

ఇక అసలు పని. పూసలో తీగ దూర్చాక, పూసపైన రెండు మిల్లీమీటర్ల మెడ వదిలి తీగను పక్కకు మడవాలి. ఆ మడత దగ్గర గుండ్రటి మూతి ప్లయర్‌తో పట్టుకుని, కొసను దాని మూతి మీదుగా తిప్పితే రింగు వస్తుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ముందు చేసిన పూస రింగును ఇందులోకి ఎక్కించాల్సింది ఇప్పుడే, తర్వాత దారి మూసుకుపోతుంది. ఎక్కించాక రింగును చదును ప్లయర్‌తో పట్టుకుని, మిగిలిన కొసను మెడచుట్టూ రెండు మూడు చుట్లు, ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా పూసదాకా చుట్టాలి. మిగిలింది కత్తిరించి, కొసను లోపలికి నొక్కాలి. వేలితో తడిమినా గుచ్చుకోకూడదు, చీర కొంగుకు తగిలినా పోగు లాగకూడదు.

రింగులన్నీ ఒకే సైజులో రావాలంటే ప్లయర్ మూతిమీద పెన్నుతో గీత గీసుకుని, ప్రతిసారీ తీగను అక్కడే పెట్టాలి. మరో జాగ్రత్త: వంచినకొద్దీ తీగ గట్టిపడుతుంది. ఒకే చోట ముందుకీ వెనక్కీ పదేపదే వంచితే పుటుక్కున విరుగుతుంది. అందుకే వంపు ఒకేసారి కుదరాలి. కుదరకపోతే ఆ ముక్క పక్కన పెట్టి కొత్తది తీసుకోవడమే మంచిది.

మొదటి పాఠాలకు రాగి తీగ అనువైనది, మెత్తగా వంగుతుంది, ధరా తక్కువే. మోటార్ వైండింగ్ షాపుల్లో దొరికే తీగ సాధనకు పనికొస్తుంది. దానిమీద ఎనామిల్ పూత ఉంటుంది, గీసుకుంటే లేచిపోతుంది. పూత లేని రాగి చెమటకు నల్లబడుతుంది, ఒంటిమీద పచ్చటి మరక కూడా పడొచ్చు. చింతపండుతో తోమితే మెరుపు వస్తుంది. కానీ ముత్యాలు, పగడాలు గుచ్చిన నగకు చింతపండు తగలనివ్వకండి, పులుపు వాటి నునుపును తినేస్తుంది. తోమడమేదో గుచ్చకముందే తోమాలి. చెవులకైతే వెండి తీగే మంచిది.

ఈ కళకు నిప్పు వద్దు, టంకం వద్దు, పెద్ద చోటూ వద్దు. కిటికీ పక్కన ఒక బల్ల, పూసలు దొర్లకుండా ఒక గుడ్డ ఉంటే చాలు. చేసిన నగ నచ్చకపోతే తీగ పోతుందేమో గానీ పూసలు ఎక్కడికీ పోవు, వాటితో మళ్లీ ఇంకొకటి కట్టుకోవచ్చు. అన్నిటికన్నా పెద్ద లాభం, నగను చూసే కన్ను మారుతుంది. అంగట్లో గొలుసు చేతికి తీసుకోగానే ధర చీటీకన్నా ముందు లంకెలు చూస్తాం. చుట్లు బిగుతుగా ఉన్నాయా, కొసలు దాగాయా అని వెతుకుతాం. ఆ పని వెనకున్న చేతికి ఇచ్చే మజూరీ ఎందుకో అప్పుడు తెలిసొస్తుంది.

ఈ సెలవుల్లో మీరూ, మీ పిల్లలూ కలిసి ఒక జత చెవిపోగులు చేసి చూడండి. పూసలు కొనేటప్పుడు మాత్రం ప్లాస్టిక్‌వి కాకుండా మన దగ్గర చేసిన గాజు పూసలు అడిగి తీసుకోండి. అడిగేవాళ్లుంటేనే వాటిని చేసే చేతులకు పని ఉంటుంది.