బావుంటుంది, బావుండేది

ఫ్రాంక్ డిఫోర్డ్ రాసిన ‘అలెక్స్: ది లైఫ్ ఆఫ్ ఎ చైల్డ్’ గురించి ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఒక క్రియాపదం గురించి. డిఫోర్డ్ ‘స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్’లో పేరు మోసిన రచయిత. ఆయన కూతురు అలెక్స్ సిస్టిక్ ఫైబ్రోసిస్‌తో పుట్టి, 1980 జనవరిలో, ఎనిమిదేళ్ళ వయసులో చనిపోయింది. పుస్తకం 1983లో వచ్చింది. అందులో ఒకచోట, తండ్రీ కూతుళ్ళిద్దరూ సంతోషంగా ఉన్న క్షణంలో, ఆ పిల్ల ఒక మాట అంటుంది. ముందుముందు జరగబోయేదాని గురించి పిల్లలు ఆశగా అనే మాటే అది. కాకపోతే ఆమె వాడిన కాలం వేరు. మన భాషలో ‘బావుంటుంది’కీ ‘బావుండేది’కీ ఉన్నంత తేడా. తను ఉండనని ఆ పిల్లకి తెలుసన్న సంగతి తండ్రికి ఆ క్రియ దగ్గరే తెలుస్తుంది. ఎక్స్‌రేలో కాదు, డాక్టర్ గదిలో కాదు, వ్యాకరణంలో.

పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. బాధపడుతున్న పిల్లల మీద వచ్చే రచనల్లో పెద్దవాళ్ళ కళ్ళు తెగ పనిచేస్తాయి. పాలిపోయిన మొహం, సన్నబడ్డ చేతులు, గాజుకళ్ళు అన్నీ కనిపిస్తాయి. చెవులు మాత్రం పనిచెయ్యవు. డిఫోర్డ్ ఇక్కడ విన్నాడు.

ఈ రోగం ఏం చేస్తుందో కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఒంట్లో ఉప్పూ నీళ్ళూ కణాల్లోంచి అటూ ఇటూ పోయే దారి సరిగ్గా ఉండదు. చెమట మరీ ఉప్పగా ఉంటుంది. ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా పట్టేస్తుంది, అందులో ఇన్ఫెక్షన్లు కాపురం పెడతాయి. క్లోమం నాళాలు మూసుకుపోయి తిన్నది అరగదు. అందుకే నొప్పి ఒకచోట ఉండదు. దగ్గీ దగ్గీ పక్కటెముకల్లో ఒకటి, అరగక పొట్టలో ఒకటి, సైనస్‌ల వల్ల తలలో ఒకటి. వీటికి తోడు వైద్యం పెట్టే నొప్పి. సూది గుచ్చితే రెండు సెకన్లు. సూది వస్తుందన్న భయం మాత్రం పొద్దున్న లేచినప్పటి నుంచీ. ఇంకో చిక్కు కూడా ఉంది. భయపడితే ఊపిరి ఆడదు, ఊపిరి ఆడకపోతే భయం వేస్తుంది. ఏది ముందు మొదలైందో పెద్దవాళ్ళకే తెలీదు, ఆరేళ్ళ పిల్ల ఏం చెప్తుంది?

డిఫోర్డ్ పుస్తకానికి గుండెకాయలాంటి ఘట్టాలు ఈ వైద్యం గురించినవే. ఆ రోజుల్లో కఫం కదలడానికి ఉన్న దారి, పిల్లని రకరకాలుగా వాల్చి పడుకోబెట్టి వీపు మీదా ఛాతీ మీదా చేత్తో తట్టడం. రోజుకి రెండుసార్లు, ఇంట్లో అమ్మానాన్నలే చెయ్యాలి. పేరుకి తట్టడం. డిఫోర్డ్ దాన్ని కొట్టడమనే అంటాడు. తల కిందికి వాల్చి చేసేవంటే అలెక్స్‌కి అస్సలు ఇష్టం లేదు. అవి వద్దని బతిమాలుతుంది. ఈయన కొడతాడు. అలా ఎన్ని వేలసార్లు కొట్టానో అని లెక్క వేసుకుంటాడు, ఏం మిగిలిందని అడుగుతాడు. జవాబు చెప్పడు. ప్రేమించే చెయ్యీ నొప్పి పెట్టే చెయ్యీ ఒకటే అయిన ఇంట్లో పిల్ల ఎవరికి ఫిర్యాదు చేసుకోవాలి? ఆ ప్రశ్నని ఇంత నేరుగా అడిగిన పుస్తకం నేనింకోటి చదవలేదు.

మరి నాకు పేచీ ఎక్కడంటే, మిగతా చాలా పేజీల్లో ఆయన అలెక్స్‌ని దేవతని చేసేస్తాడు. ఎంత ఓర్పు, ఎంత తెలివి, ఎదుటివాళ్ళ మనసు ఎంత కనిపెట్టి ఉంటుంది! కూతుర్ని పోగొట్టుకున్న తండ్రి ఇంకెలా రాస్తాడు అనొచ్చు, నిజమే. కానీ ఎనిమిదేళ్ళ పిల్ల అమ్మానాన్నల మొహాలు చూసి తన నొప్పిని ఎంత చెప్పాలో కొలుచుకుంటోందంటే, దాన్ని నేను ఓర్పు అనను. ఆందోళన అంటాను. ఆ ఆందోళనకి మనం పెట్టుకున్న ముద్దుపేరు ఓర్పు. మన ఇళ్ళలో మాత్రం తక్కువా? ‘మా బంగారుతల్లి, సూది వేస్తే కుయ్యిమనలేదు’ అని చుట్టాల ముందు చెప్పుకుంటాం. పిల్ల ఆ పొగడ్త వింటుంది. తర్వాతిసారి కూడా కుయ్యిమనదు.

ఆస్పత్రుల్లో పిల్లల నొప్పి కొలవడానికి 1980లలో తయారైన వాంగ్-బేకర్ మొహాల బొమ్మలుంటాయి చూడండి. వరసగా ఆరు మొహాలు, నవ్వుతో మొదలై కన్నీళ్ళతో ఆగుతాయి, నీ నొప్పి ఏ మొహమో చూపించమంటారు. దీని మీద ఉన్న విమర్శ సరైనదే అనిపిస్తుంది: ఏడవకూడదని నేర్చుకున్న పిల్ల ఏడ్చే మొహం మీద వేలు పెట్టదు. నొప్పి పదికి పది ఉన్నా పెట్టదు.

ఆందోళన సంగతి వైద్యులు పద్ధతిగా పట్టించుకోవడం ఇంకా ఆలస్యమైంది. ఈ రోగంతో బతికేవాళ్ళకి ఏడాదికోసారి దిగులూ ఆందోళనా ఉన్నాయేమో అడిగి చూడాలని అమెరికా, యూరప్ సంస్థలు కలిసి మార్గదర్శకాలు ప్రచురించింది 2016లో. అదీ 12 ఏళ్ళు నిండినవాళ్ళకి. చిన్నపిల్లల విషయంలో తల్లిదండ్రులని అడగమన్నారు, వాళ్ళలోనూ ఇవి ఎక్కువే కాబట్టి. అది మంచి పనే. కానీ అలెక్స్ వయసు పిల్లని ఆ ప్రశ్నాపత్రం పలకరించదు. ఆ వయసు భయాన్ని ఎవరో ఒకరు పక్కన కూర్చుని, క్రియాపదాల దాకా వినాల్సిందే.

1965 నాటి ఒక సంగతి ఈ రోగం గురించి రాసే ప్రతివాళ్ళూ చెప్తారు. విరాళాల కోసం ఒక తల్లి ఫోన్లు చేస్తూ ఉంటే, నాలుగేళ్ళ కొడుకు ‘సిస్టిక్ ఫైబ్రోసిస్’ని ‘సిక్స్‌టీ ఫైవ్ రోజెస్’ అని విన్నాడట. అరవై అయిదు గులాబీలు. అప్పటినుంచీ గులాబీ ఈ రోగానికి గుర్తయిపోయింది. అందరూ ముచ్చటపడేది పువ్వు దగ్గర. నాకు మాత్రం ఆ పిల్లాడు వింటున్నాడన్న సంగతే గుర్తుండిపోయింది. అమ్మ ఫోన్లో తన జబ్బు గురించి ఎవరెవరితోనో మాట్లాడుతోంది, వీడు అక్కడే ఉన్నాడు.

‘ఫైవ్ ఫీట్ అపార్ట్’ (2019) సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. ఒకరి ఇన్ఫెక్షన్ ఇంకొకరికి అంటకుండా ఈ రోగులు ఆరడుగుల దూరంలో ఉండాలి, ఆ దూరంలోంచి ప్రేమ. మనకి కొత్తేం కాదు, చావు దగ్గరపడ్డ ఇద్దరు ప్రేమించుకోవడం 1989లోనే ‘గీతాంజలి’లో చూశాం, అదీ ఊటీ పొగమంచులో. ‘ఫైవ్ ఫీట్ అపార్ట్’లో స్టెల్లా మందుల బండిని పదేపదే సర్దుకోవడం నాకు బాగా నచ్చింది. ఆందోళనకి అంత సరైన బొమ్మ ఆ సినిమాలో ఇంకోటి లేదు. ఊపిరితిత్తుల మీద అధికారం లేనమ్మాయికి ఒక బండి మీద అధికారం. కథ కాసేపు అక్కడే కూర్చుంటే బావుండేది. కానీ ప్రేమ తొందరలో దాన్ని ఒక ముద్దొచ్చే అలవాటుగా మార్చేశారు. ఇక నొప్పి సంగతి సరేసరి. దగ్గు కూడా అందంగా ఉంటుంది.

దీనికి పూర్తిగా ఎదురుకొసన ఉన్నవాడు బాబ్ ఫ్లానగన్. ఇదే రోగంతో పుట్టి, కవిగా, పెర్ఫార్మెన్స్ కళాకారుడిగా బతికి, 1996లో 43 ఏళ్ళకి పోయాడు. కిర్బీ డిక్ తీసిన డాక్యుమెంటరీ ‘సిక్’ (1997) అతని గురించే. సున్నితమైనవాళ్ళు చూడకండి, నేను రెండుచోట్ల తల తిప్పేసుకున్నాను. రోగం పెట్టే నొప్పికి ఎదురుగా తను ఎంచుకున్న నొప్పిని నిలబెట్టాడు ఫ్లానగన్. 1992లో శాంటా మోనికాలో పెట్టిన ‘విజిటింగ్ అవర్స్’ ప్రదర్శనలో ఆస్పత్రి మంచం మీద తనే పడుకున్నాడు. పిల్లలు ఆడుకునే అక్షరాల చెక్కముక్కలతో అక్కడ ఒక గోడ ఉంది. పెద్దయ్యాక కూడా అతను మాట్లాడుతున్నది ఆ వార్డులో పడుకున్న చిన్నపిల్లాడి గురించేనని ఆ గోడ చెప్తుంది. అలెక్స్ దాచుకున్నదంతా ఇతను బయటపెట్టాడు, మర్యాదలన్నీ వదిలేసి.

సినిమాలో ఈ రోగమే ఉన్న ఒక టీనేజ్ అమ్మాయి వస్తుంది. జబ్బుపడ్డ పిల్లల కోరికలు తీర్చే సంస్థ నీకేం కావాలని అడిగితే, ఫ్లానగన్‌ని కలవాలంది. డిస్నీలాండ్ కాదు, సినిమా హీరో కాదు. నొప్పి గురించి గొంతు తగ్గించకుండా మాట్లాడే మనిషి కావాలంది. ఆ అమ్మాయి కోరికకి నాకు డిఫోర్డ్ పుస్తకం ఒక్కటే సగం జవాబుగా కనిపిస్తుంది, అదీ ఆయన కన్నీళ్ళు పక్కనబెట్టి చేతుల గురించి రాసిన పేజీల్లో.

ఇప్పుడు పరిస్థితి మారింది. 2019లో అమెరికాలో అనుమతి పొందిన ట్రైకాఫ్టా వల్ల చాలామంది ముసలితనం గురించి ఆలోచించగలుగుతున్నారు. అందరికీ పనిచెయ్యదు, జన్యువులో మార్పు ఏ రకమన్నదాన్ని బట్టి ఉంటుంది. ఐరోపా మూలాలవాళ్ళలో ఎక్కువగా కనిపించే మార్పు మన దేశపు రోగుల్లో తక్కువ. ఇక్కడైతే రోగం పేరు తెలియడమే ఆలస్యం, న్యుమోనియా అనో టీబీ అనో ఏళ్ళు గడిచిపోతాయి. అక్కడ పుట్టే మనవాళ్ళ పిల్లలకి పుట్టగానే మడమ మీద గుచ్చి తీసే రక్తంలోనే తెలుస్తుంది. ఆ ఇళ్ళలో తెలుగులో ఏ మాటలు నడుస్తాయో, మందు పనిచేసే పిల్ల పక్కన పనిచెయ్యని పిల్ల కూర్చుంటే ఏ కాలంలో మాట్లాడుతుందో ఎవరైనా రాస్తే చదవాలని ఉంది.