బిళ్ల కింద జిగురు

వంతెనకు ఆరోగ్య పరీక్ష అనగానే అందరి చూపూ సెన్సార్ మీదికే పోతుంది. ఎన్ని పెట్టారు, ఎక్కడ తయారైనవి, ఖరీదెంత అని అడుగుతారు. ఏ జిగురుతో అంటించారని అడిగినవాళ్లు నాకింతవరకు తగల్లేదు. ఈ వృత్తిలో నా శ్రమ సగం దాని మీదే పోతుంది.

నేను అంటించే సెన్సార్ పీజో బిళ్ల, చూడటానికి ఘనంగా ఏమీ ఉండదు. సెంటీమీటరు పలక, మందం మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. లెడ్ జిర్కోనేట్ టైటనేట్ అనే పింగాణీ. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు చూపించారు. వోల్టేజి ఇస్తే అవే సాగి కుంచించుకుంటాయని మరుసటి ఏడాది రుజువైంది. అందుకే ఒకే బిళ్ల ఉక్కును సన్నగా వణికిస్తుంది, ఆ ఉక్కు ఎలా బదులిచ్చిందో తనే వింటుంది. వేల నుంచి లక్షల హెర్ట్‌జ్ దాకా వణికించి గీసిన గ్రాఫులో శిఖరాలు పక్కకు జరిగితే దగ్గర్లో పగులు ఉందేమోనని అనుమానిస్తాం.

పోయే వణుకూ, వచ్చే జవాబూ జిగురు పొరలోంచే నడవాలి. పొర మందమైతే, మెత్తనైతే వణుకు అందులోనే జారిపోతుంది. అందుకే ఉక్కును గరుకు కాగితంతో రుద్ది, అసిటోన్‌తో తుడిచి, రెండు ట్యూబుల ఎపాక్సీని కొలత ప్రకారం కలిపి, పలచగా పూసి, గాలి బుడగ లేకుండా బరువు పెట్టి గట్టిపడేదాకా ఆగాలి. జిడ్డు నుదుటి మీద స్టిక్కర్ బొట్టు ఎంతసేపు నిలుస్తుందో జిడ్డు ఉక్కు మీద బిళ్లా అంతే. క్షణంలో అంటుకునే సూపర్ గ్లూ ల్యాబులో ముద్దు. ఏళ్ల తరబడి ఎండావానల్లో ఉండాల్సిన చోటికి నేను దాన్ని రానివ్వను.

ఇక ఎండ సంగతి. బిళ్లకు మన ఎండలు లెక్కే కాదు, దాని గుణం పూర్తిగా చెడాలంటే చాలా రకాల్లో మూడు వందల డిగ్రీలు దాటాలి. గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీ మాత్రం చాలాసార్లు యాభై, అరవై డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలెడుతుంది. మే నెల మధ్యాహ్నం రామగుండంలో ఎండకు కాగిన ఇనుప దూలం మీద చెయ్యి పెట్టి చూడండి, జిగురు పడే బాధ తెలుస్తుంది. పైగా ఒక్కో డిగ్రీకి మీటరు ఉక్కు సుమారు 12 మైక్రాన్లు సాగితే, పింగాణీ అందులో సగం కూడా సాగదు. ఆ లాగుడు రోజూ జిగురు అంచుల మీదే.

అసలు మోసం ఇంకోటుంది. వేడికి ఉక్కు బిగువు కొద్దిగా తగ్గి శిఖరాలు కింది ఫ్రీక్వెన్సీల వైపు జరుగుతాయి. పగులు వచ్చినా తరచూ అటే జరుగుతాయి. తేడా పట్టుకోవాలంటే వేడి అన్నిటినీ దాదాపు కలిపి జరుపుతుందనీ, పగులు కొన్నిటినే జరిపి, కొన్నిటి ఆకారం చెడగొడుతుందనీ గుర్తుంచుకోవాలి. స్విట్జర్లాండ్‌లో జెడ్24 వంతెనను కూల్చే ముందు దాదాపు ఏడాది కనిపెట్టి చూసి, 1998లో కావాలనే దెబ్బతీసి పరీక్షించారు. గడ్డకట్టే చలిలో పైనున్న తారు బిగుసుకుని వంతెన సహజ ఫ్రీక్వెన్సీలే పెరిగాయి. అక్కడ వాడిన సెన్సార్లు వేరు, చిక్కు ఇదే.

జిగురు వదిలిందో లేదో బిళ్లనే అడగొచ్చు. అంటించాక దాని కెపాసిటెన్స్, అంటే విద్యుదావేశాన్ని దాచుకునే సామర్థ్యం, కొంత తగ్గుతుంది. పట్టు వదిలితే మళ్లీ పెరుగుతుంది, బిళ్ల విరిగితే పడిపోతుంది. అయితే వేడికి కూడా పెరుగుతుంది కాబట్టి పక్కన ఉష్ణోగ్రత రాయని అంకె నా దృష్టిలో చిత్తు కాగితమే.

టెండర్లు రాసే ఇంజినీర్లకు ఒక మనవి. సెన్సార్ల సంఖ్య కింద మరో రెండు గీతలు కొట్టండి. ఒకదాని మీద జిగురు పేరు, అది ఎంత వేడిని తట్టుకుంటుందో రాయించండి. రెండోదాని మీద డిసెంబరు తెల్లవారుజామున ఒకటి, మే మధ్యాహ్నం ఒకటి తొలి కొలతలు అడగండి. అవి లేని బిల్లును పాస్ చేయకండి.