ఎండ చూడని ఇసుక

బరంపురం వాళ్లకు ఇసుక దిబ్బలు కొత్త కాదు. గోపాల్‌పూర్ నుంచి రుషికుల్య మొగ దాకా తీరమంతా అవే. వాటి మీదే మొగలి పొదలు, సరుగుడు తోటలు. అయినా భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల మధ్య గెడ్డలోకి దిగి తలెత్తి చూసినప్పుడల్లా, మన ఇసుకను ఇన్నాళ్లూ చూడకుండానే తొక్కుకుంటూ తిరిగామని నాకు అనిపిస్తుంది.

ఆ ఎర్రమట్టి దిబ్బలది తూర్పు కనుమల రాయి అరిగి, నదుల వెంట సముద్రానికి చేరిన ఇసుక. సుమారు 20,000 ఏళ్ల కిందట, హిమయుగంలో, సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. అలా బయటపడి ఆరిన ఇసుకను గాలి ఎత్తి పోసింది. అందులోని గార్నెట్ వంటి ఖనిజాల ఇనుము తుప్పుపట్టి రేణువులకు ఎర్ర పూత పెట్టింది. ఆ దిబ్బల్లో రాతియుగపు పనిముట్లూ దొరికాయి.

పనిముట్టు దొరికితే దాన్ని చేసిన మనిషి కాలం ఎలా తెలియాలి? పలుగురాయి ఏ కోట్ల ఏళ్ల నాటిదో! దాన్ని ఎప్పుడు చెక్కారో రాయి చెప్పదు. చుట్టూ ఉన్న ఇసుకను అడగాలి. 1956లో పరిశోధకులు జోయినర్, ఆల్చిన్ తిరునల్వేలి ఎర్ర దిబ్బల్లోని చిన్న రాతి పనిముట్లకు పాత సముద్రమట్టాలను బట్టి వయసు అంచనా కట్టారు. 1985లో కెనడాలో హంట్లీ బృందం వెలుగుతో ఇసుక వయసు కట్టే పద్ధతి చూపింది. మన దేశంలో అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీలో అశోక్ సింఘ్వి ఇలాంటి పరిశోధనకు దారి వేశారు.

ఇసుక రేణువు మీద మరో పొర కప్పబడి చీకటి పడిన నాటి నుంచి, చుట్టూ ఉన్న సహజ రేడియోధార్మికత దానిలో కొంచెం కొంచెంగా శక్తిని కూడబెడుతుంది. ఎండ తగిలిందా, కూడబెట్టినదంతా పోతుంది. అందుకే కోత గట్టులోకి ఉక్కు గొట్టం దిగ్గొట్టి, వెలుతురు చొరబడకుండా మూసి తెస్తారు. ప్రయోగశాలలో మసక ఎర్రదీపం కిందే విప్పుతారు. కూడబెట్టిన శక్తిని రేణువు వెలుగుగా విడిచినప్పుడు దాన్ని కొలిచి, ఆ మొత్తం మోతాదును ఏటా అందిన మోతాదుతో భాగిస్తే వయసు వస్తుంది. రేణువు పట్ల అంత మర్యాద చూపే పని మరొకటి నాకు తెలియదు.

మన గంజాం తీరంలో ఈ లెక్కకు ఇంకా జాగ్రత్త కావాలి. ఛత్రపురం ఇసుకలో మోనజైట్ ఉంది, మోనజైట్‌లో థోరియం ఉంది. అంటే ఇక్కడి రేణువులో శక్తి త్వరగా పోగవుతుంది. అందుకని మోతాదును ఆ చోటనే కొలవాలి. ఇల్మనైట్, గార్నెట్, మోనజైట్ కోసం ఇక్కడి ఇసుకను తవ్వి వేరుచేస్తున్నారు కూడా. ఖనిజం తీశాక ఇసుకను తిరిగి పోయొచ్చు, చెట్లూ నాటొచ్చు. పొరల వరస మాత్రం తిరిగి రాదు. ఆ ఇసుక ఎండ చూసేసింది.

ఎర్రమట్టి దిబ్బలు 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. గంజాం దిబ్బలకు జాబితాలు తర్వాత, ముందు పరీక్ష కావాలి. తవ్వకానికి ముందే ప్రతి దిబ్బ నుంచీ చీకటి గొట్టాల్లో నమూనాలు తీయించాలి. ఆ పనికి అడగడానికి బరంపురం విశ్వవిద్యాలయంలో సముద్ర శాస్త్రాల విభాగం ఉంది, మనకు చేరువలోనే. మీకు దిబ్బల్లో చెక్కినట్టున్న పలుగురాయి కనబడితే జేబులో వేసుకోకండి. ఉన్నచోటనే ఫొటో తీసి, ఆ చోటు గుర్తు రాసి, పురావస్తు శాఖకు తెలియజేయండి.