భరిణె మూత

ఏటికొప్పాక కుంకుమ భరిణె చేతిలోకి రాగానే అందరి చూపూ రంగు మీద పడుతుంది. ముందు మూత తీసి చూడమంటాను నేను. లాగగానే చిన్న పట్టు తెలియాలి, మరుక్షణం తేలిగ్గా ఊడి రావాలి. తిరిగి పెట్టి ఎటు తిప్పినా ఒకే బిగువు ఉండాలి. ఒక పక్క పట్టేస్తూ ఇంకో పక్క ఊగుతోందంటే కర్ర పచ్చిదన్నమాట. పచ్చి కర్ర ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకేలా ముడుచుకోదు. వలయాల వెంబడి ఎక్కువగా, నడిమి నుంచి బయటికి తక్కువగా ముడుచుకుంటుంది. అందుకే అప్పుడు గుండ్రంగా తీసిన మూత కొన్నాళ్లకి కోలగా తేలుతుంది.

విశాఖ ఉక్కు కర్మాగారంలో పనిచేసిన ఏ ఫిట్టరుకైనా ఈ బిగువు విలువ ఇట్టే అర్థమవుతుంది. కాకపోతే ఆయన ఇనుము తుప్పు పడుతుందేమో గాని వానాకాలానికి ఉబ్బదు. కర్ర ఉబ్బుతుంది, అందులోనూ సముద్రపు గాలి తగిలే ఊళ్లో. మరీ బిగువుగా తీస్తే శ్రావణమాసంలో మూత రాదు, వదులుగా తీస్తే వేసవిలో జారిపోతుంది. ఆ రెంటికీ మధ్యనున్న వెంట్రుకవాసి జాగాను పనివాడు వేలికొసతో పట్టుకుంటాడు.

ఏటికొప్పాక విశాఖపట్నానికి 60 కిలోమీటర్ల పైచిలుకు దూరం, వరాహ నది ఒడ్డు. 2022 దాకా విశాఖ జిల్లాలోదే, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. ఇక్కడి పనికి అంకుడు కర్ర కావాలి. తెల్లగా, సన్నని పోగుతో ఉంటుంది, ఉలి తగిలితే పెచ్చులూడదు, పైన వేసిన రంగును మురికిగా చూపించదు. బాగా ఆరిన ముక్కను లేతు తలలోకి దిగ్గొట్టి తిప్పుతారు. వెనకటికి తాడు లాగి తిప్పేవారు, ఇప్పుడు కరెంటు మోటారు.

నేను మెచ్చుకునే భరిణెల్లో మూతా అడుగూ ఒకే ముక్కలోంచి వస్తాయి. ముందు మూత లోపల తొలిచి వేరు చేస్తారు. తర్వాత అడుగు అంచుకి మెట్టు తీస్తూ, మధ్యమధ్య మూత పెట్టి చూసుకుంటూ, ఇంకాస్త గీకి, మళ్లీ చూసుకుంటారు. కుదిరాక మూత ఊడదీయరు. పెట్టినది పెట్టినట్టే ఉంచి బయటి నునుపంతా ఒక్కసారి చెక్కుతారు. లక్క కూడా అలాగే పట్టిస్తారు. అందుకే చేసిన చేయి మంచిదైతే రెంటి మధ్య గీత ఎక్కడుందో గోటితో వెతుక్కోవాలి.

లక్క పట్టించడం ఇంకా చూడముచ్చటైన పని. నిప్పుల సెగ మీద లక్కను మెత్తబరిచి, రంగు పొడి కలిపి, సాగదీసి మడిచి మళ్లీ సాగదీస్తారు. రంగు అంతటా ఒకేలా అందాక కడ్డీ చేసుకుంటారు. గిర్రున తిరిగే కర్రకి ఆ కడ్డీని అదిమితే రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. బ్రష్షు లేదు, ఆరబెట్టడం లేదు. పైన ఎండు మొగలి ఆకు అదిమితే లక్క సమంగా పరుచుకుని మెరుపు తేలుతుంది. ఒకప్పుడు ప్రపంచమంతా విన్న గ్రామఫోను రికార్డులు ఈ లక్క కలిపి చేసినవేనని చెబితే నేటి పిల్లలు నమ్మరు.

రంగుల కథలో చింతలపాటి వెంకటపతిరాజు పేరు చెప్పక తప్పదు. సి.వి.రాజు అంటేనే చాలామందికి తెలుస్తుంది. రసాయన రంగులు ఊరిని కమ్మేసిన కాలంలో ఆయన మళ్లీ ఆకులు, గింజలు, వేళ్లు, బెరళ్ల వైపు చూశారు. పసుపు కొమ్ము, నీలిమందు, జాఫ్రా గింజ, కాచు లాంటివాటిని లక్కతో కలిసేలా పొడులు చేయించారు. 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ రంగులు అరవవు. సెగ కాస్త ఎక్కువైతే నలుపెక్కుతాయి, పసుపైతే ఎండకి వెలిసిపోతుంది కూడా. కిటికీలో పెట్టకుండా అద్దం బల్ల సొరుగులో పెట్టుకోండి, చాలా కాలం ఉంటుంది. ఇంకో ముచ్చట: పాతకాలం పద్ధతిలో చేసిన కుంకుమకి మూలం కూడా పసుపే. నిమ్మరసం, వెలిగారం, పటిక కలిసి దాన్ని ఎర్రబరుస్తాయి. పసుపుపచ్చ భరిణెలో అలాంటి కుంకుమ పోస్తే లోపలా బయటా ఒకే కొమ్ము ఉన్నట్టు.

ఇక అమ్మకం. గడ్డం సబ్బులు, అత్తర్లు చేతితో చేసే చిన్న తయారీదారులు ఈమధ్య 'లిమిటెడ్ ఎడిషన్' అని ముందే ప్రకటించి, ఇన్నే చేస్తున్నామని చెప్పి గిరాకీ పెంచుకుంటున్నారు. ఏటికొప్పాకలో ఆ లెక్క కర్ర చేతిలో ఉంది. అంకుడు దొరకడమే కష్టమైపోతోంది. దొరికిందాన్ని ఆరనివ్వాలి. ఒక విడత కలిపిన రంగు ఇంకో విడతకి అచ్చంగా రాదు. 2017లో ఇక్కడి లక్క బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2020 ఆగస్టులో ప్రధాని 'మన్ కీ బాత్'లో ఈ బొమ్మల మాటెత్తారు, 2025 గణతంత్ర దినోత్సవాన రాష్ట్ర శకటం మీద ఇవే ఊరేగాయి. పేరు ఢిల్లీ దాకా వెళ్లినంత వేగంగా చెట్టు పెరగదు కదా!

ఈ బొమ్మలూ భరిణెలూ విశాఖలో లేపాక్షి దుకాణంలోనూ, ప్రదర్శనల్లోనూ దొరుకుతాయి. రైల్వే వాళ్ల 'ఒక స్టేషన్ ఒక ఉత్పత్తి' పథకంలో విశాఖ స్టేషనులో వంతు వచ్చిందీ వీటికే. రైలెక్కబోయేవాడు బొమ్మ బండి కొంటాడు, భరిణె కొనేది పెళ్లివారు. తాంబూలంతో పాటు పంచడానికి వందల లెక్కన అడుగుతారు. అది చిన్న కార్ఖానాకి పెద్ద ఊతం, అంతే పెద్ద ప్రమాదం కూడా. ముహూర్తం తరుముకొస్తుంటే సగం ఆరిన కర్ర లేతెక్కుతుంది, మూత కోలగా తేలేది అప్పుడే. అన్నీ సహజ రంగులవేనని కూడా అనుకోవద్దు. రసాయన రంగులవీ పక్కనే ఉంటాయి, చౌకగా, మరింత తళతళలాడుతూ. ఏది ఏదో పెట్టె మీద రాసి అమ్మితే బాగుండును.

కొనేవాళ్లు లగ్నపత్రిక రాయించిన వారమే ఆర్డరివ్వడం మంచిది. కర్ర ఎప్పటిదో అడగండి, రంగు దేంతో తీశారో అడగండి. మంచి పనివాడు ఆ ప్రశ్నలకి విసుక్కోడు, రెండు మూతలు తీసి చేతికిస్తాడు. మూడు వందల భరిణెలూ ఒకే ఛాయలో రావాలని పట్టుబట్టేవాళ్లు మాత్రం రసాయన రంగులవే కొనుక్కోవచ్చు.